కలవారి కాపురము: విదేశ నివాసపు లాభనష్టములు



కలవారి కుటుంబములు దేశాంతరములందు కాపురముండుటవలన కలుగు లాభమేమి, నష్టమేమి యను విషయమును గూర్చి నాకు తోచిన నాలుగు మాటలు ఈ పూట మనవి చేయుదును. ఇది పట్టణవాసులకు మాత్రమే సంబంధించిన ముచ్చట యని పల్లెలందలి పెద్దలు తలంపరాదు. పిల్లలలో ఒకరైనను విదేశమున నున్న మోతుబరి యిండ్లు నేడు తెలుగుదేశమున ఎన్నియో కలవు. “పొలము అమ్మివేసి మీరును వచ్చి మాయొద్ద నుండుడు” అను మాట టెలిఫోనులో వినవచ్చునది పల్లెటూరి అరుగుమీదనే. ఆ మాటకు ఔనని గాని కాదని గాని చెప్పవలసినవారు మీరే. కావున ఈ ప్రసంగము ముఖ్యముగా మీకొరకే.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. విదేశములకు పోవువారందరును ఒక తెగవారు కారు. గల్ఫు దేశములందు ఎండలో ఇటుకలు మోయుటకు పోవు కూలివాడు పొట్టకొరకు పోవును. చదువు ముగించి ఉద్యోగమునకు పోవు యువకుడు ఎదుగుదలకొరకు పోవును. వారి సంగతి వేరు. నేను నేడు మాటలాడునది భూమియో, మిల్లో, ఆసుపత్రియో, వర్తకమో కలిగి, పోయినను పోకున్నను అన్నమునకు లోటులేని కుటుంబములను గూర్చి. అవసరమున చేసిన పనిని లోకము తప్పుపట్టదు. ఎంచుకొని చేసిన పనికి మాత్రము లెక్క చెప్పవలసియుండును. ఆదాయపు పన్ను లెక్కలు వ్రాయు వృత్తిలో నేను చాల యేండ్లు గడిపితిని. అట్టి కుటుంబముల కాగితములు పెక్కు చూచితిని. కాగితములందు కనబడు లాభమును, కాగితములకెక్కని నష్టమును రెండును ఎరుగుటచేతనే ఈ విషయమును చెప్ప సాహసించుచున్నాను.

ధనవంతులు సముద్రము దాటుట మనకు క్రొత్త కాదు. కలియుగమున సముద్రయానము కూడదని శాస్త్రకారులు వ్రాసిన దినములలోను మన రేవులనుండి ఓడలు సాగుచునే యుండెను. చీరాల సమీపమున మోటుపల్లి యను రేవు కలదు. కాకతీయ గణపతిదేవ మహారాజు 1244లో అచ్చట ఒక అభయ శాసనమును వేయించెను. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు మునుపటి రాజులు స్వాధీనము చేసికొనుచుండగా, తాను నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు పుచ్చుకొననని ఆ రాజు పరదేశ వర్తకులకు మాట యిచ్చెను. మన విషయమునకు కావలసిన నీతి యంతయు ఈ శాసనమున నున్నది. పరదేశమున నున్నవాని ధనము ఆ దేశపు రాజు మాటమీద నిలుచును. రాజు మారినచో మాటయు మారవచ్చును.

అట్లు మాట మారిన సంగతులు మన పెద్దల యెరుకలోనివే. తమిళదేశపు నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారము చేసిరి. 1930 ప్రాంతమున ధాన్యపు ధరలు పడిపోయి రైతులు అప్పులు తీర్పలేకపోగా, 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో సుమారు నాలుగవవంతు సాగుభూమి వారి వశమయ్యెను. 1942లో జపాను సేనలు వచ్చినవి. 1948లో స్వతంత్రమైన బర్మా భూములను జాతీయము చేయుటకు చట్టము చేసెను. 1962లో సైనికులు రాజ్యమును పట్టిన పిమ్మట అంగళ్లును పోయినవి. కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి కూలికి పోయిన మన తెలుగువారిలో ఎందరో వట్టిచేతులతో తిరిగివచ్చిరి. అంతటి ధనికులైన చెట్టియార్లకును చాలవరకు దస్తావేజులే మిగిలినవి. దిగివచ్చునపుడు కలవానికిని లేనివానికిని భేదము కానరాకపోయెను.

ఉగాండా దేశపు కథ ఇంకను గ్రహింపదగినది. గుజరాతులోని పోరుబందరు ప్రాంతమునుండి ఆఫ్రికాకు పోయిన నాన్‌జీ కాళిదాస్ మెహతా 1924లో లుగాజీ యను చోట చక్కెర కర్మాగారమును స్థాపించెను. ముల్జీభాయి మాధ్వానీ కాకిరాలో మరియొకటి స్థాపించెను. 1972 ఆగస్టులో ఆ దేశపు సైనికాధిపతి ఇదీ అమీన్, ఆసియావారు 90 దినములలో దేశము విడిచి పోవలెనని ఆజ్ఞాపించెను. రెండు తరముల శ్రమ మూడు మాసములలో పరులపాలయ్యెను. అయినను ఆ కుటుంబములు నశింపలేదు. వారి వ్యాపారములు, బంధువులు ఒక్క దేశమునందే లేరు. మెహతా స్వస్థలమును మరువక పోరుబందరులో బాలికల గురుకులమును, గాంధీ మహాత్ముని జన్మగృహము ప్రక్కన కీర్తిమందిరమును కట్టించినవాడు. ప్రభుత్వములు మారిన పిమ్మట, 1980 దశకమున, ఈ రెండు కుటుంబములవారును ఉగాండాకు తిరిగిపోయి తమ కర్మాగారములను మరల నడపిరి. పలుదేశముల కాపురమువలని అపాయమును, ఉపాయమును రెండును ఈ ఒక్క కథలో కనబడుచున్నవి.

ఇక లాభములను చెప్పెదను. వానిని తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు.

మొదటి లాభము, కలిమి నంతయు ఒకే గంపలో నుంచకుండుట. మన రూపాయి విలువను చూడుడు. 1966 జూనుకు పూర్వము డాలరు ఒకటికి 4 రూపాయల 76 పైసలుండగా ఆ నెలలో 7 రూపాయల 50 పైసలయ్యెను. నేడు 80 రూపాయలను దాటియున్నది. మనుమని చదువునకు డాలర్లు కావలసిన యింట, కొంత ధనము డాలర్లలో నుండుట వివేకమే. మన ప్రభుత్వమును దీనిని కాదనలేదు. ఈ దేశమున నివసించు ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,50,000 డాలర్ల వరకు రిజర్వు బ్యాంకు నియమములకు లోబడి బయటికి పంపుకొనవచ్చును.

రెండవ లాభము, విద్య. గొప్ప విశ్వవిద్యాలయము, చక్కని ప్రయోగశాల, అడిగిన ప్రశ్నకు కోపగింపని గురువు దొరకుట చిన్న భాగ్యము కాదు. ఆ విద్య తిరిగి ఇంటికి వచ్చినచో దేశమునకే మేలు. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి అమెరికాలో వైద్యము నేర్చి తిరిగివచ్చి 1983లో మదరాసులో అపోలో ఆసుపత్రిని నెలకొల్పెను. అమెరికాలో ఆచార్యుడైయుండిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు స్వదేశమునకు వచ్చి 1987లో హైదరాబాదున నేత్రవైద్య సంస్థను స్థాపించెను. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదుగారి కుటుంబము దానికి భూమిని, ధనమును ఇచ్చినది. వెళ్లి నేర్చినవాడును, ఇచ్చట సంపాదించినవాడును చేతులు కలిపిన ఫలమది.

మూడవ లాభము, పన్నుల తగ్గుదల. ఐక్య అరబ్ ఎమిరేట్సులో వ్యక్తి జీతముపై ఆదాయపు పన్ను లేదు. సింగపూరు 2008లో మరణానంతరపు ఆస్తిపన్నును తొలగించెను. దుబాయిలో 20 లక్షల దిర్హముల విలువగల ఇల్లు కొన్నవారికి పదేండ్ల నివాసానుమతి లభించును. హైదరాబాదునుండి అచ్చటికి విమానములో సుమారు నాలుగు గంటలు పట్టును. నాల్గవ లాభము, చూపు విశాలమగుట. వరుసలో నిలువబడి తన వంతుకొరకు కాచుట, తన పని తాను చేసికొనుట, పాకీపని చేయువానిని గూడ గౌరవించి పలుకరించుట, ఇవి మన కలవారింటి పిల్లలలో కొందరు సముద్రము దాటిన పిమ్మటనే నేర్చిరి. ఈ లాభమును నేను మిగిలినవానికన్న పెద్దదిగా నెంచుదును.

ఇక రెండవ తట్ట. ఇందు మొదట చట్టమునకు సంబంధించిన బరువులను చెప్పి, పిదప మనసునకు సంబంధించినవానిని చెప్పెదను.

మన దేశపు చట్టము రెండు పౌరసత్వములను ఒప్పుకొనదు. 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము, బుద్ధిపూర్వకముగా వేరొక దేశపు పౌరుడైనవాడు ఆ క్షణముననే భారత పౌరుడు కాకుండ పోవును. పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము 2022లో 2,25,620 మందియు, 2024లో 2,06,378 మందియు భారత పౌరసత్వమును వదలుకొనిరి. వీరిలో ఉద్యోగస్థులు పెక్కురు, ధనికులు కొందరు. ఇట్టివారికొరకు మన ప్రభుత్వము ప్రవాస పౌరుల కార్డు నొకదానిని ఏర్పరచినది. దానిని మొదట పంచిపెట్టినది 2006 జనవరిలో మన హైదరాబాదున జరిగిన ప్రవాసుల సభలోనే. ఆ కార్డుతో వీసా లేకుండ రావచ్చును, పోవచ్చును, ఇల్లు కొనవచ్చును. కాని దానిపై పౌరుడు అను మాట యున్నను అది పౌరసత్వము కాదు. ఓటు లేదు. ఎన్నికలలో నిలువరాదు. వ్యవసాయ భూమి కొనరాదు.

ఈ చివరి మాటను పెద్దలు శ్రద్ధతో వినవలెను. పౌరసత్వము వదలుకొన్నవాడే కాదు, విదేశ నివాసిగా లెక్కకెక్కిన భారత పౌరుడును సాధారణముగా మన దేశమున వ్యవసాయ భూమిని, తోటను కొనలేడు. తండ్రి తాతల భూమి వారసత్వముగా సంక్రమింపవచ్చును. అట్లు వచ్చినదానిని అమ్మదలచినచో ఈ దేశమున నివసించు భారత పౌరునికే అమ్మవలెను. అనగా మీరు నేడు అమ్మిన ఆరెకరములను, రేపు మనసు మారిన మీ కుమారుడు ఎన్ని కోట్లు తెచ్చినను, అచ్చట నుండి కొనలేడు. ఇల్లు అమ్మినచో మరల కొనుక్కొనవచ్చును. పొలము విషయమున ఆ తలుపు ఒకవైపునకే తెరచుకొనును.

పన్నుల సంగతి దీనికి తోడు. అమెరికా తన పౌరుడు ప్రపంచమున ఎచ్చట నున్నను, ఎచ్చట సంపాదించినను, ఆ ఆదాయము తనకు తెలుపవలెననును. గ్రీన్ కార్డు పొందినవానికిని ఇదే నియమము. కుమారుని చూచుటకు రాకపోకలు సులభమగునని గ్రీన్ కార్డు పుచ్చుకొను వృద్ధులు ఈ సంగతి నెరుగరు. ఇచ్చట వ్యవసాయాదాయముపై కేంద్ర ప్రభుత్వపు పన్ను లేదు. ఆ కౌలు సొమ్మునే అమెరికా ఆదాయముగా లెక్కించును. ఊరి బ్యాంకులోని డిపాజిట్లన్నియు కలసి ఏడాదిలో ఎప్పుడైనను 10,000 డాలర్లు మించినచో ఆ సంగతియు అచ్చటి ప్రభుత్వమునకు వ్రాసి తెలుపవలెను. తెలుపనిచో జుల్మానా కలదు. పైగా ముందుగా అనుమతి పొందక ఏడాదికి మించి స్వగ్రామమున నుండిపోయినవాని కార్డు నిలుచుట దుర్లభము.

మరియొక చిక్కును చెప్పెదను. తండ్రి ఇచ్చటినుండి ధనము పంపి, అమెరికాలో తన పేర ఇల్లు కొనుట కలదు. మన దేశమున మృతుని ఆస్తిపై పన్ను 1985లో రద్దయ్యెను కాబట్టి ఆ ఊహయే వానికి తట్టదు. అమెరికాలో ఆ పన్ను జీవించియున్నది. ఆ దేశవాసి కానివాడు మరణించినచో అచ్చటి ఆస్తిలో 60,000 డాలర్లకు మాత్రమే మినహాయింపు. మించినదానిపై పన్ను 40 వంతుల వరకు పోవును. అనగా నూటికి నలువది. తండ్రి మమకారముతో కొన్న ఇంటిలో చెప్పుకొనదగిన పాలు కొడుకుకన్న ముందు సర్కారు పుచ్చుకొనవచ్చును. ఇందు మోసమేమియు లేదు. ముందుగా అడుగకపోవుటయే చేటు.

ఇదివరకు మోటుపల్లి శాసనమును చెప్పితిని. ధనికులకు దేశములు ఇచ్చిన మాటలు ఈ కాలమున ఎట్లు మారుచున్నవో చూడుడు. విదేశమే తమ అసలు తావు అని చూపు ధనికులు బయటి ఆదాయమును దేశములోనికి తేనంతవరకు దానిపై పన్ను లేకుండ ఇంగ్లండులో ఒక పద్ధతి రెండువందల యేండ్లకు పైగా సాగెను. 2025 ఏప్రిల్ 6తో అది ముగిసెను. పెట్టుబడి పెట్టినవారికి ఆ దేశము ఇచ్చు వీసా 2022 ఫిబ్రవరిలోనే మూతపడెను. ఇల్లు కొన్నచో నివాసానుమతి యిచ్చు పద్ధతిని పోర్చుగలు 2023లోను, స్పెయిను 2025లోను మానివేసినవి. సైప్రసు ధనమునకు పౌరసత్వ మిచ్చుటను 2020లో నిలిపెను. మాల్టా చేయుచున్న అట్టి వ్యాపారము చెల్లదని ఐరోపా న్యాయస్థానము 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పెను. దుబాయిలో సయితము 2023 జూనునుండి వ్యాపార సంస్థల లాభముపై నూటికి 9 పన్ను వచ్చినది. అచ్చటి నివాసము గడువుగల అనుమతియే. ఎన్నియేండ్లున్నను దానంతట అది పౌరసత్వము కాదు. ఏ ఎండకు ఆ గొడుగు పట్టుట కొన్నాళ్లు లాభకరమే. కాని గొడుగులు మార్చుటయే వృత్తిగా పెట్టుకొన్న కుటుంబమునకు నీడలో కూర్చుండు తీరిక దొరకదు.

ఏ దేశమున ఎన్ని దినములుంటిమో లెక్కపెట్టుకొను కుటుంబములను నేనెరుగుదును. ఇండియాలో ఏడాదికి 182 దినములున్నవాడు ఇచ్చటి నివాసి యగును. ఇచ్చటి ఆదాయము హెచ్చుగా నున్నవారి విషయమున కొన్ని సందర్భములలో 120 దినములే చాలును. పూర్తి స్థాయి సాధారణ నివాసిగా లెక్కకెక్కినచో లోకమందలి ఆదాయమంతయు ఇచ్చట చూపవలెను. ఒక యింట చెల్లెలి సీమంతమునకు అన్న రాలేదు. అడిగితిని. దినములు చాలలేదనిరి. విమానమునకు సొమ్ము లేక కాదు. సొమ్మును కాపాడుటకే రాలేదు. ఆ ఏడు వారు మిగిల్చిన పన్ను ఎంతయో నేను లెక్కకట్టి చెప్పగలను. పోగొట్టుకొన్నదానికి మాత్రము నా పుస్తకమున పద్దు లేదు.

ఇది మనసునకు సంబంధించిన సంగతులలోనికి మనలను తెచ్చుచున్నది.

వృద్ధుల స్థితిని మొదట చెప్పవలెను. పెద్ద మేడ, పాలరాతి గచ్చు, ప్రతి గదిలో చల్లని గాలి యంత్రము, తలుపునొద్ద కెమెరా. లోపల ఇద్దరు ముసలివారు, ఒక వంటమనిషి. కొడుకు అమెరికానుండి ఆ కెమెరాలో తల్లి నడకను చూచి సంతోషించును. తల్లికి మాత్రము కొడుకు నడక కానరాదు. కాలము మూడినపుడు శవమును మంచుపెట్టెలో నుంచి రెండు మూడు దినములు కాచియుండుట నేడు మన యూళ్లలో మామూలై పోయినది. ఆ పెట్టె అద్దెకు దొరకును. ఆ రాత్రులు ప్రక్కన కూర్చుండువారు అద్దెకు దొరకరు. ఇరుగుపొరుగువారే కూర్చుందురు. కావున విదేశమున నున్న కలవాడు తన యూరి ఇరుగుపొరుగునకు ఋణపడి యున్నాడు.

అట్లైన వృద్ధులే పోయి పిల్లలయొద్ద నుండరాదా యందురేమో. ఉండవచ్చును. సుఖపడినవారును కలరు. కాని వాహనము నడపనేరనివానికి అమెరికాలోని చాల ఊళ్లలో కాలు కట్టివేసినట్లే. అంగడికి, గుడికి, స్నేహితుని ఇంటికి ఒకరు తీసికొనిపోవలెను. చూచిపోవుటకు వెళ్లినవారి వైద్యబీమా పాతరోగములకు సాధారణముగా వర్తింపదు. గ్రీన్ కార్డు ఉన్నను, అచ్చట పనిచేసి పన్ను కట్టని వృద్ధుడు ప్రభుత్వ వైద్యబీమాలో రుసుము కట్టి చేరుటకైనను అయిదేండ్లు నివసింపవలెను. ఊరిలో పదిమందికి తీర్పు చెప్పిన పెద్దమనిషి అచ్చట మనుమని బడి బస్సుకొరకు వీథిచివర నిలుచును. ఆ పనిలో సంతోషము లేకపోలేదు. అయితే అది తన యిష్టముచే చేయునదో, వేరు గతిలేక చేయునదో, అందులోనే భేదమంతయు నున్నది.

రెండవది భాష. మొదటి తరమువాడు తెలుగు మాటలాడును, వ్రాయును. రెండవ తరమువాడు వినును, గ్రహించును, బదులు ఇంగ్లీషులో చెప్పును. మూడవ తరమునకు తాత ఉత్తరము బొమ్మవలె కనబడును. అచ్చటి తెలుగువారు ఈ నష్టమును గుర్తింపకపోలేదు. 2007నుండి మనబడి అను పేర పిల్లలకు తెలుగు నేర్పు తరగతులు నడచుచున్నవి. సెలవుదినములలో తమ తీరికను ధారపోసి అందు చదువు చెప్పు గృహస్థులకు మనము చేతులెత్తి మ్రొక్కవలెను. కాని బడి అక్షరము నేర్పును. ఉపయోగము ఇల్లు నేర్పవలెను.

మూడవది వివాహము. వధువు ఒక దేశము, వరుడు ఒక దేశము, పెండ్లి తిరుపతిలో, కాపురము వేరొక చోట. సుఖముగా నున్నంతకాలము చిక్కు లేదు. చెడినపుడు ఏ దేశపు న్యాయస్థానమునకు పోవలెనను ప్రశ్న పుట్టును. ఒక తెలుగు దంపతుల వ్యాజ్యమున, మన వివాహ చట్టమునకు సమ్మతము కాని కారణముపై, భార్య లోబడని విదేశ న్యాయస్థానము ఇచ్చిన విడాకులు ఇచ్చట చెల్లవని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పినది. అచ్చట విడిపోయినవారు ఇచ్చట భార్యాభర్తలుగా మిగిలిపోవు విచిత్రస్థితి దీనివలన కలుగును. కట్నకానుకల మాటకు మూడు రాత్రులు కూర్చుండు పెద్దలు ఈ విషయమునకు ఒక్క గంట కూర్చుండరు.

ఇన్నియు విని, “అట్లైన పోవుట మంచిదా, చెడ్డదా, తేల్చి చెప్పుము” అని మీరడుగవచ్చును. పోవుట చెడ్డది కాదు. కుటుంబమంతయు, ఆస్తియంతయు ఒక్కసారిగా పోవుట చెడ్డది. ధనము తేలికగా ప్రయాణము చేయును. ఒక మీట నొక్కిన సముద్రము దాటును. నమ్మకము, మన్నన, పిలిచిన పలుకు ఇరుగుపొరుగు, ఇవి ప్రయాణము చేయవు. వానిని ఒక చోట తరతరములుగా పెంచవలెను. ధనమును నలుగడల చల్లుడు. వేరును మాత్రము ఒక చోట నిలుపుడు. రెంటికి చెడిన రేవడి సామెత మీరెరుగనిది కాదు.

ఆచరణలో పెట్టదగిన కొన్ని సంగతులు మనవి చేసి ముగించెదను.

పొలము అమ్మి పోవుటకు ముందు, అమ్మకుండ పోయి ఆరు మాసములుండి చూడుడు. అదియును వేసవి కాదు, చలికాలము ఉండి చూడుడు. మంచు కురియు జనవరిలో నాలుగు గోడల మధ్య మనసు నిలిచినచో తరువాతి మాట ఆలోచింపవచ్చును. రాకపోకలకు మాత్రమే యైనచో చూచిపోవు వీసా చాలును. గ్రీన్ కార్డు పుచ్చుకొనకముందు రెండు దేశముల పన్నులు తెలిసినవానిని అడుగుడు. విదేశమున తండ్రి పేర ఆస్తి కొనుటకు ముందును అట్లే చేయుడు.

వీలునామా వ్రాయుడు. రెండు దేశములలో ఆస్తి యున్నవారు ఏ దేశపు ఆస్తికి ఆ దేశపు న్యాయవాదిచే వేరువేరుగా వ్రాయించి, ఒకటి రెండవదానిని రద్దుచేయకుండ చూచుకొనవలెను. బిడ్డలకు ఆస్తిని దానముగా వ్రాయువారు, తమ పోషణ భారము వహింపవలెనను షరతును దస్తావేజులోనే వ్రాయింపవలెను. అట్టి షరతు తప్పినచో దానమును రద్దుచేయు అధికారము 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము ట్రిబ్యునలునకు ఇచ్చియున్నది. విదేశమున నున్న కొడుకు ఇచ్చటివానికి అధికారపత్రము పంపునపుడు భారత రాయబార కార్యాలయమున ధ్రువపరపించి, అది ఇచ్చట చేరిన మూడు మాసములలోగా స్టాంపు వేయింపవలెను. అధికారము ఏ పనికో ఆ పనికే ఇయ్యవలెను. సర్వాధికారమిచ్చిన పత్రము సర్వమును హరింపగలదు.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఎవరు దగ్గరనుందురను మాట. పిల్లలందరిని కూర్చుండబెట్టి, తల్లిదండ్రులకు జబ్బు చేసినపుడు మొదట వచ్చువాడెవడు, ఆసుపత్రిలో సంతకము చేయువాడెవడు, ఊరిలో ఉండి చూచు మేనల్లునికో, తమ్మునికో కుటుంబము చేయు ప్రత్యుపకారమేమి అని ముందుగానే తేల్చుకొనుడు. ఊరనున్నవాడు జీతములేని కావలివాడు కాడు. విదేశమున నున్న అన్న పంచుకొనునపుడు సమానభాగ మడిగి, సేవచేయునపుడు దూరమును చెప్పుట ధర్మము కాదు. అట్టి తగవులు మీ యెదుటికి వచ్చినపుడు సేవకును ఒక పాలు కట్టి తీర్పు చెప్పుడు.

మీ మనుమడు సెలవులకు వచ్చినపుడు వానిని కాలువగట్టునకు తీసికొనిపొండు. మన పొలపు సరిహద్దు రాయి యెక్కడనో చూపుడు. దానిమీద పేరు తెలుగులో నుండిన వానిచే చదివింపుడు. వాడు రేపు ఏ దేశపు పాస్‌పోర్టు పట్టినను, ఈ రాయి నాకు తెలియును అని చెప్పగలిగినచో మీ కుటుంబము ఎంత దూరము పోయినను చెదరినది కాదు.